రెండు రూపాయల డాక్టరుగారు – మన వైపు ఇంటి వైద్యుల కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, మన శాఖలో పనిచేసిన పెద్దలను గురించి వ్రాయవచ్చునని మొదట అనుకొన్నాను. వారిని గురించి వ్రాయగల సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. మన పెన్షనర్లలో నూటికి తొంభై మంది నెలకొకసారైనా తలుపు తట్టే మనిషి వేరొకరున్నారు. ఆయనే ఇంటి డాక్టరు. ఆయనకు సన్మానసభలు జరగవు, సంచికలు రావు. అందుచేత ఈ వ్యాసం ఆయన జాతిని గురించి, ముఖ్యంగా కర్నూలు ప్రజలు రెండు రూపాయల డాక్టరని పిలుచుకొన్న డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ గారిని గురించి. వారు 2020 ఏప్రిల్ 14వ తేదీన, 76వ యేట, కరోనా జబ్బుతో కాలం చేశారు.

ముందే ఒక మాట చెప్పాలి. నేను వారి పేషెంటును కాను. నాకు బి.పి. మాత్రలు వ్రాసిన డాక్టరుగారు వేరు. కనుక సొంత ముచ్చట్లు చెప్పి వారి గొప్పతనంలో వాటా అడగబోవడం లేదు. ఊరందరికీ తెలిసిన సంగతులు, వారు పోయినప్పుడు పత్రికలు ప్రకటించిన విషయాలు మాత్రమే చెబుతాను. నా సొంత జ్ఞాపకాలు వచ్చిన చోట అవి పేరు చెప్పని ఇతర వైద్యులవి.

మా చిన్నతనంలో పత్తికొండ తాలూకా పల్లెల్లో డాక్టరు అంటే ఏమిటో ఇప్పటి మనుమలకు చెబితే నమ్మరు. ఆ రోజుల్లో ఎం.బి.బి.ఎస్. వారు జిల్లా కేంద్రం దాటి వచ్చేవారు కారు. పెద్ద గ్రామాల్లో ఎల్.ఎం.పి.లు ఉండేవారు. మద్రాసు రాయపురం వంటి మెడికల్ స్కూళ్ళలో చదివి వచ్చినవారు వీరు. ఇంకొందరు ఎల్.ఐ.ఎం.లు. ప్రభుత్వం 1925లో మద్రాసులో పెట్టిన దేశీయ వైద్య పాఠశాలలో ఆయుర్వేదమూ ఇంగ్లీషు వైద్యమూ కలిపి నేర్చుకొన్నవారు. బోర్డు మీద ఆ మూడక్షరాలు చూసి మా నాయన దండం పెట్టేవాడు. ఆ అక్షరాలకు అర్థం ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

డాక్టరు దగ్గరకు పోయేటప్పుడు సీసా మనమే తీసుకుపోవాలి. కాంపౌండరు ఎర్రటి మిక్శ్చరు పోసి, కాగితాన్ని పళ్ళ పళ్ళుగా కత్తిరించి సీసాకు అంటించేవాడు. ఒక్కో పన్ను ఒక్కో మోతాదు. డబ్బు ఉంటే అణాల్లో ఇచ్చేవారు, లేకుంటే సుగ్గి కాలానికి చెనక్కాయలో కొర్రలో ఇంటికి చేరేవి. బాకీ పుస్తకం ఉండేదో లేదో నాకు తెలియదు గాని, ఎవరి ఇంట్లో ఎంతమంది పిల్లలు, ఎవరికి ఉబ్బసం, ఎవరి తల్లి ఏ జబ్బుతో పోయింది అన్న పుస్తకం మాత్రం ఆ డాక్టరు తలలోనే ఉండేది.

ఇక్కడ నారి కురుపు సంగతి చెప్పక తప్పదు. ఈ కాలం డాక్టర్లలో చాలామంది దాన్ని పుస్తకంలోనే చూసి ఉంటారు. మన వైపు నీళ్ళు తక్కువ. ఉన్న నీళ్ళు దిగుడుబావిలో. కురుపు ఉన్నవాడు మెట్లు దిగి కాలు నీళ్ళలో పెడితే పుండులోంచి పురుగు పిల్లలు నీళ్ళలో కలుస్తాయి. కంటికి కనబడీ కనబడని నీటి పురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్ళు వడకట్టకుండా తాగినవాడికి యేడాది తిరిగేసరికి కాలిలోనుంచి దారంలాంటి పురుగు బయటికి వస్తుంది. మందు లేదు. పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగాలి. తెగిందంటే కాలంతా చీము. మా అవ్వ అట్లా మంచం మీద ఉండగా, ఆ యేడు మా ఇంట్లో కలుపు తీసే మనిషి లేక పైరు పాడైంది. ఊరి డాక్టరు ఆమెకు చేసిన వైద్యం చాలా సాదా సీదా. రోజూ సాయంత్రం వచ్చి పుండు కడిగి, పుల్లను ఒక చుట్టు తిప్పి, కట్టు కట్టి పోయేవాడు. పోయేముందు మా అమ్మతో "నీళ్ళు గుడ్డలో వడగట్టు తల్లీ, రెండు మడతలు వెయ్యి" అనేవాడు. మన దేశం ఈ జబ్బు మీద ప్రత్యేక కార్యక్రమం 1980 దశకంలో మొదలుపెట్టింది. చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో కనబడింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం నారి కురుపు లేని దేశమని ధ్రువపత్రం ఇచ్చింది. ఆ కార్యక్రమం చేయించింది కూడా గుడ్డలో వడకట్టడం, దిగుడుబావులను చేదబావులుగా మార్చడం, నీళ్ళలో మందు చల్లడమే. రెండు మడతల గుడ్డ మాట అంతకు ముప్పై యేళ్ళ ముందే మా అమ్మకు తెలుసు.

కరువు సీమలో వైద్యం ఎప్పుడూ తిండితో ముడిపడినదే. 1876–78 నాటి ధాత కరువును మా తాతలు వాళ్ళ తాతల నోట విన్నారు. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ నడుమ కర్నూలు జిల్లా జనాభా పెరగకపోగా బాగా తరిగిపోయింది. ఆకలితో పోయినవారు కొందరు. ఆకలి బలహీనం చేసిన ఒంటిమీద కలరా, జ్వరం పడి పోయినవారు ఇంకెందరో. ఆ తరువాత పందొమ్మిదో శతాబ్దం చివర లండన్ మిషనరీ సొసైటీ తరఫున డాక్టర్ క్యాంప్‌బెల్ అనే దొర కడప జిల్లా జమ్మలమడుగులో వైద్యం మొదలుపెట్టారు. ఆ ఆసుపత్రిని నేటికీ క్యాంప్‌బెల్ ఆసుపత్రి అనే పిలుస్తారు. మతం మాట ఎలా ఉన్నా, పెన్నా గట్టున పుట్టిన వేలాది పిల్లలకు మొదట చేయి తగిలింది అక్కడే. ఆ పిల్లల్లో ఒకరు 1949లో పుట్టిన డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు. తరువాత వారు అదే ఆసుపత్రిలో కొంతకాలం వైద్యాధికారిగా పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రిగారి పేర 70 పడకల ఆసుపత్రి పెట్టారు. రాజకీయాలు మన సంచికకు నిషిద్ధం గనుక వాటి జోలికి పోను. అప్పట్లో ఆయనకూ రూపాయి డాక్టరన్న పేరుండేదని మాత్రం చెబుతాను. మన సీమలో డాక్టరును ఫీజుతో పిలవడం ఒక అలవాటుగా ఉన్నట్టుంది.

ఇక కర్నూలు సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మన ఊరు రాజధాని అయింది. గుడారాల్లో ఆఫీసులు నడిచిన ముచ్చట మన సంఘంలోని పెద్దల నోట అందరూ వినే ఉంటారు. మూడేళ్ళకు రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. పోయినదాన్ని తలచుకొని నిట్టూర్చడం మనకు అలవాటు గాని, మిగిలినదాన్ని కూడా చెప్పుకోవాలి. 1956లో కర్నూలు మెడికల్ కాలేజీ వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో అప్పటికి విశాఖపట్నం, గుంటూరు తప్ప వేరే మెడికల్ కాలేజీలు లేవు. సీమకు అదే మొదటిది. రాజధాని ఉండి ఉంటే మనకు మరికొన్ని భవనాలు మిగిలేవేమో. కాలేజీ ఉండబట్టి సీమ పిల్లలు సీమలోనే డాక్టర్లయ్యారు. ఈ రెంటిలో ఏది మేలో నా మటుకు నాకు సందేహం లేదు.

అలా తయారైనవారిలో ఇస్మాయిల్ హుస్సేన్ గారు ఒకరు. కర్నూలు మెడికల్ కాలేజీలోనే చదివారు, ఎం.డి. కూడా అక్కడే చేశారు, అక్కడే విద్యార్థులకు పాఠం చెప్పారు. తరువాత స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసి, ఊళ్ళో కె.ఎం. ఆసుపత్రి పేరుతో సొంత వైద్యం సాగించారు. మన సభ్యులు ఒక్క క్షణం ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఎం.డి. పట్టా, ప్రభుత్వ కళాశాలలో బోధనానుభవం ఉన్న వ్యక్తి ఉద్యోగం వదిలి బయటికి వస్తే లోకం అనుకొనేది ఒక్కటే, ఇక సంపాదన మొదలుపెడతాడని. ఈయన రెండు రూపాయలు తీసుకొన్నారు.

రెండు రూపాయలంటే ఆ రోజుల్లో రమారమి ఒక కప్పు టీ ధర. కాలం గడిచేకొద్దీ అది పదీ ఇరవై అయిందంటారు. టీ ధర కూడా అలాగే పెరిగింది గదా! అంటే ఆయన లెక్కలో డాక్టరు ఫీజుకూ టీకీ నడుమ ఉన్న సంబంధం చివరిదాకా చెడలేదన్నమాట. పేరు మాత్రం రెండు రూపాయల దగ్గరే నిలిచిపోయింది.

ఫీజు తక్కువన్నది ఒక విషయమే. నా దృష్టిలో అంతకంటే పెద్దది ఆ డబ్బు తీసుకొనే పద్ధతి. ఎవరెంత ఇచ్చారో ఆయన చూసేవారు కాదని, ఉన్నవాళ్ళు ఉన్నంత పెట్టి, రావలసిన చిల్లర తామే తీసుకొనేవారని వారి పేషెంట్లు చెప్పారు. బీదతనంలో ఆకలి కంటే బాధించేది ఒకటుంది. పదిమంది చూస్తుండగా చెయ్యి చాపి "ఇంతే ఉంది సార్" అని చెప్పవలసి రావడం. కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టే ముసలమ్మకు ఆ మాట చెప్పే అవసరమే లేకుండా చేశాడు ఈ మనిషి. ఉచితం అని బోర్డు పెట్టినా ఆ ముసలమ్మ సిగ్గుపడేది. తన డబ్బు తాను పెట్టి, తన చిల్లర తాను తీసుకొని, ఎవరికీ బాకీ లేకుండా లేచిపోయే ఏర్పాటు అది. అందుకే కర్నూలు చుట్టుపట్ల ఊళ్ళవారే గాక, తుంగభద్ర దాటి గద్వాల నుంచి, కర్ణాటకలోని రాయచూరు నుంచి కూడా జనం వచ్చేవారు. ఏ మతమని గాని, ఏ కులమని గాని ఎవరూ అడిగింది లేదు, ఎవరికీ గుర్తు వచ్చిందీ లేదు.

ఇంత తక్కువ ఫీజుతో ఎలా జరుగుతుందని మన ఎకౌంట్స్ విభాగం మిత్రులు తప్పక అడుగుతారు. ఇది ఆ ఒక్కరి గురించి కాదు, పాత తరం ఇంటి వైద్యులందరి గురించి నాకు తోచిన సమాధానం. వారు చేతితో వైద్యం చేశారు. పొట్ట నొక్కి చూడడం, కనురెప్ప దించి రక్తం ఉందో లేదో చూడడం, వీపు మీద వేలు పెట్టి తట్టి వినడం, ఇవన్నీ ఖర్చులేని పరీక్షలు. ఎనిమిదేళ్ళుగా చూస్తున్న మనిషి గనుక కొత్తగా వచ్చిన తేడా ఏదో వారికి తెలుస్తుంది. తెలియని మనిషిని చూసే డాక్టరుకు స్కానింగు చేయించక తప్పదు. అది ఆయన తప్పు కూడా కాదు. తెలిసిన డాక్టరు లేకపోవడం వల్ల మనం చెల్లించే పన్ను అది.

దీనికి నా అనుభవం ఒకటి చెబుతాను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచిన సంగతి ఎవరూ మరచిపోలేదు. మా ఇంట్లో సర్వీసు రిజిస్టరు నకళ్ళతో పాటు నావీ, మా ఆవిడవీ మందుల చీటీలు, రక్తపరీక్షల కాగితాలు అన్నీ బురద ముద్దలయ్యాయి. మూడో రోజున మోకాళ్ళ బురదలో మా డాక్టరుగారి ఇంటికి పోయాను. ఆయన ఇల్లూ మునిగింది. అరుగు కడుక్కుంటూ, చీపురు చేతిలోనే ఉంచుకొని, "మీకు పొద్దున ఒకటి, అమ్మగారికి పొద్దున ఒకటి రాత్రి సగం, సగం మాత్ర మరువొద్దండీ" అని మందుల పేర్లు చెప్పారు. కాగితం దొరక్క సిగరెట్టు పెట్టె అట్ట మీద వ్రాసుకొన్నాను. తరువాత మా ఆవిడకు గుండె నొప్పి వచ్చి పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చినప్పుడు, నాలుగు రోజుల్లో నలుగురు డాక్టర్లు మారి, నాలుగుసార్లూ ఆమెకు ఏ మందు పడదో మేమే చెప్పవలసి వచ్చింది. వైద్యం బాగానే చేశారు, మనిషిని ఇంటికి తెచ్చుకొన్నాము. ఆ సగం మాత్ర సంగతి మాత్రం వారెవరికీ తెలియదు.

ఈ మార్పు ఎప్పుడు మొదలైందంటే ఒక తేదీ చెప్పలేము. కాని 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒక మైలురాయి. డబ్బు తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని అందులో తేల్చారు. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసేచోట మాత్రం రాదన్నారు. పేషెంటుకు న్యాయం జరగాలి, సందేహం లేదు. కోర్టుకు పోగలిగిన హక్కు మంచిదే. అయితే ఆనాటి నుంచి డాక్టరు కూడా ప్రతి మాటకూ ఒక కాగితం అడగడం ఎక్కువైందని చాలామంది డాక్టర్లే అంటారు. రెండు రూపాయల వైద్యం ఉచితమూ కాదు, వ్యాపారమూ కాదు. చట్టం గీసిన రెండు గడుల నడుమ దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో నాకు అర్థం కాలేదు. మన వకీలు మిత్రులెవరైనా చెబితే వింటాను.

మన పెన్షనర్లకు ఇది మాటల ముచ్చట కాదు. 1972 నాటి వైద్య నిబంధనల కింద రీయింబర్స్‌మెంటు బిల్లులు పెట్టుకొని తిరిగిన కాలం ఒకటి. 2013లో హెల్త్ కార్డుల పథకం వచ్చింది. కార్డు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకొనే చికిత్సలకు. దాని విలువ గుండె ఆపరేషను చేయించుకొన్నవారిని అడగండి. కాని డెబ్బై దాటిన మనిషికి ఏడాదిలో మూడు వందల అరవై రోజులు కావలసినది ఆపరేషను కాదు. తల తిరుగుతోంది, ఇది బి.పి.వల్లనా, నిన్న రాత్రి సంగటి తినకుండా పడుకోవడం వల్లనా అని చెప్పే మనిషి కావాలి. పిల్లలు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉన్న ఇంట్లో ఆ మనిషి లేకపోతే, తల తిరగడం కాస్తా పడిపోవడం, పడిపోవడం కాస్తా తుంటి విరగడం అవుతుంది. అప్పుడు కార్డు పనికి వస్తుంది.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వారంలోనే దేశమంతా లాక్‌డౌన్. ఏప్రిల్ నాటికి మన రాష్ట్రంలో కేసులు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. ఎన్నో ప్రైవేటు క్లినిక్కులు తలుపులు మూసుకొన్న రోజులవి. మూసినవారిని తప్పుపట్టలేము. మాస్కులు దొరకలేదు, ఆ జబ్బు ఎలా అంటుతుందో సరిగా తెలియదు. డెబ్బై ఆరేళ్ళ ఇస్మాయిల్ హుస్సేన్ గారు పేషెంట్లను చూస్తూనే ఉన్నారు. జ్వరం, దగ్గు, ఆయాసం అంటూ వచ్చినవారిని దగ్గర కూర్చోబెట్టుకొని చూసే వైద్యం ఆయనది. ఏప్రిల్ 14న పోయారు. కరోనా అని పరీక్షలో తేలింది ఆ తరువాతనే. కుటుంబ సభ్యులు క్వారంటైన్‌కు వెళ్ళవలసి వచ్చింది.

మామూలు రోజుల్లో అయితే ఆ జనాజా వెంట కర్నూలు సగం నడిచేది. అప్పటి నిబంధనల ప్రకారం వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మంది సమక్షంలో ఖననం జరిగింది. ఊరు ఇళ్ళలో కూర్చొని ఏడ్చింది. మా వీధిలో కూరలమ్మే ఆమె గేటు అవతల నిలబడి "మా డాక్టరు పోయినాడు సార్, ఇంక మేము యాడికి పోవాల" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు.

అదే యేడు ఆగస్టు 15న మద్రాసులో అయిదు రూపాయల డాక్టరుగా పేరొందిన తిరువేంగడం వీరరాఘవన్ గారు కూడా కాలం చేశారు. ఆయనది కరోనా కాదనుకొంటాను, ఆ సంగతి అటుంచండి. బెంగాల్ బోల్పూరులో ఒక రూపాయి డాక్టరు సుశోవన్ బెనర్జీ గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు, 2022 జూలైలో ఆయనా వెళ్ళిపోయారు. ఒక తరం అంతా కొద్ది కాలంలోనే లేచిపోయినట్టయింది.

అయినా కడప నుంచి ఒక కబురు ఉంది. విజయవాడకు చెందిన నూరీ పర్వీన్ అనే అమ్మాయి కడప ఫాతిమా మెడికల్ కాలేజీలో చదివింది. 2020లో ఆ ఊళ్ళోనే క్లినిక్ తెరిచి పది రూపాయల ఫీజు పెట్టింది. పడక కావలసినవారికి రోజుకు యాభై. పై చదువులకు పోగలిగిన వయసులో, సొంత ఊరు కాని ఊళ్ళో ఈ పని మొదలుపెట్టిందంటే, ఇస్మాయిల్ హుస్సేన్ గారి వంటివారు ఏ కాలేజీలోనూ చెప్పని పాఠం ఏదో ఈ పిల్లలకు ఎలాగో అందుతున్నదన్నమాట. పది రూపాయలు కూడా, గమనించారో లేదో, టీ ధరే.

జూలై 1వ తేదీ డాక్టర్స్ డే. 1882 జూలై 1న పుట్టి, 1962లో అదే తేదీన గతించిన డాక్టర్ బి.సి. రాయ్ గారి పేర 1991 నుంచి జరుపుతున్నారు. ఈసారి ఆ రోజున మన భవనంలో ఒక సమావేశం పెట్టుకొందామని నా సూచన. ఉపన్యాసాలు వద్దు. ప్రతి సభ్యుడూ తన ఇంటి డాక్టరు పేరు, ఊరు, ఏ యేడు ఎంత ఫీజు తీసుకొన్నారో ఒక కార్డు మీద వ్రాసి తీసుకురావాలి. నాలుగు తాలూకాల వారు వ్రాసినా చాలు, వంద కార్డులు వస్తాయి. కాగితపు పళ్ళు అంటించిన మిక్శ్చరు సీసా ఎవరి అటక మీదనైనా ఉంటే అదీ తీసుకురండి. కార్డులు కార్యదర్శిగారికి జూన్ 20 లోపల అందాలి.